మోపు లోపలి వేడి

మూడు రోజులు ముసురు.
పీర్జాదిగూడ దిక్కు మూసీ ఒడ్డున కోసిన గడ్డి
ఆరబెట్టనీకి జాగ లేక
తడితోనే కట్టిన, తాడు గట్టిగ బిగించి.
ట్రాలీ ఆటోల ఒకదాని మీద ఒకటి ఏసి
మలక్‌పేట గల్లీకి తెచ్చేసరికి చీకటి పడ్డది.
పైసలు తీసుకున్న. పోయిన.

తెల్లారకముందే ఫోను:
"జల్దీ రా ఎల్లవ్వా."

మెహతాబ్ ముంగటి కాలుతోని నేల గీరుతున్నది
ఏదో పాతిపెట్టి జాగ మర్చిపోయినట్టు.
మాటిమాటికి మెడ తిప్పి
తన డొక్కను తనే చూసుకుంటున్నది.
కూలబడుతది, పొర్లబోతది,
చాచా కళ్లెం గుంజి లేపుతడు.
మొన్నటిదాక పెండ్లికొడుకులను మోసిన తెల్ల వీపు
చెమటకు బూడిద రంగుకొచ్చింది.

జహంగీర్ చాచా డొక్కకు చెవి ఆనించిండు.
ఎడమ దిక్కు. అటు తిరిగి కుడి దిక్కు.
ఎప్పుడైన ఆ కడుపుల
కోఠి బస్టాండంత లొల్లి ఉంటదంట.
"ఏం సప్పుడు లేదు," అన్నడు.

గుర్రానికి కక్కు రాదు.
ఆ సంగతి నాకు ఆ పొద్దే తెలిసింది.
బర్రె నెమరేస్తది, కుక్క గడ్డి తిని కక్కుతది,
నా మొగుడైతే వారానికి రెండుసార్లు అరుగు మీదనే.
గుర్రం ఒకసారి మింగిందంటే
అది ముంగటికే పోవాలె.
ఎనుకకు తొవ్వ లేదు.

డాక్టరమ్మ ముక్కులకెళ్లి పైపు దించింది,
నూనె పోసింది, సూది ఏసింది,
చేతులు కడుక్కుంట అడిగింది:
"రాత్రి ఏం పెట్టిండ్రు?"

చాచా నా మోపు కాడికి నడిచిండు.
విప్పలేదు. మోచెయ్యిదాక లోపలికి పెట్టి
కొంచెంసేపు అట్లనే ఉన్నడు.
ఇంక నా చెయ్యి పట్టుకొని
అదే సందుల పెట్టిండు.

జొరమొచ్చిన పిల్ల చంక లెక్కున్నది.
పైన సల్లగ, పచ్చగ, మంచు బొట్లతోని.
లోపల ఉడుకుడుకు, పులిసిన కల్లు వాసన.

"నేను చూడకుండ ఏసిన మేడమ్,"
అన్నడు డాక్టరమ్మతోని.

నేను, అన్నడు.

పొద్దుగూకే యాళ్లకు నాలుగు లద్దెలు పడ్డయి.
చాచా వాటిని పుల్లతోని చిదిమి చూసి
బంగారం దొరికినోని లెక్క నవ్విండు.

రెండు బరాత్‌లు పోయినయి. అడ్వాన్సు వాపస్ ఇచ్చిండు.
పది రోజులు నేను రోజూ పోయిన, అమ్మనీకి కాదు.
నీళ్లల్ల నానబెట్టిన ఎండుగడ్డి, పిడికెడు.
గంటన్నరకు మల్లొక పిడికెడు.
ఉలవల డబ్బా మూత తియ్యలే.
గోరెచ్చటి నీళ్లు, తాగలేదంటే చిటికెడు ఉప్పు.
ఐదోనాడు అవిసెలు ఉడకబెట్టి, ఆ జిగురు రెండు గంటెలు.
పచ్చిగడ్డి ఏడోనాడు, అదీ నాలుగు పోచలు,
పైసలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి.

"ఆకలైతున్నది చాచా, నా చెయ్యి నాకుతున్నది."
"నాకనియ్. నాకుతున్నదంటేనే బతికినట్టు."

మందు తాపుడు కష్టం కాలే.
గోడ మీదికెల్లి బెల్లం ముక్క, రొట్టె ముక్క చాపే
గల్లీ పిల్లలను ఆపుడే కష్టమైంది.
ఫర్జానా అనే పిల్లైతే
తన టిఫిన్ డబ్బల పూరీ కూడ తెచ్చింది పాపం.

ఆ రాత్రి తీసుకున్న మూడు వందల అరవై
కొంగు ముడి విప్పి ఆయన ముంగట పెట్టిన.
చాచా నోట్లు సాపు చేసిండు,
ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టిండు,
మల్ల నా చేతులనే పెట్టిండు:
"ఎల్లుండికి ఎండుగడ్డి తే. దుమ్ము దులిపి తే."

ఇప్పుడు నా రేకుల ఇంటి మీద
టార్పాలిన్ కింద గడ్డి పరుచుకోని ఉంటది.
వాన కొడితే మేము ఒక మూలకు జరుగుతం.
మోపు కట్టేముందు నా చెయ్యి లోపలికి పోతది,
మోచెయ్యిదాక.
గాజులకు పోచలు చిక్కుకుంటయి.

మొన్న చాదర్‌ఘాట్ కాడ బరాత్ అడ్డమొచ్చింది.
బ్యాండు, పటాకులు, పూల ముసుగుల పెండ్లికొడుకు.
ఎవరో మామ, మస్తు ఖుషీల,
లడ్డూ పట్టుకొని మెహతాబ్ మూతి కాడికొచ్చిండు.
చాచా చెయ్యి నడుమల పెట్టి
ఆ లడ్డూ తనే తిన్నడు.